జేపీసీ వేసినంత మాత్రాన ఉక్కు అమ్మకం ఆగదు

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా పక్కింటి మామయ్య ఫోన్ పట్టుకుని వచ్చాడు. విశాఖ స్టీల్ ప్లాంట్‌లో కృష్ణ మీద, అంటే మూడు బ్లాస్ట్ ఫర్నేసుల్లో రెండోదాని మీద, ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఇంకో చేతిలో నాలుగు మడతలు పెట్టిన రూళ్ళ కాగితం, దాని పైన ఎర్ర ఇంకుతో "వెంటనే జేపీసీ వేయాలి" అని (జేపీసీ అంటే రెండు సభల ఎంపీలతో వేసే సంయుక్త పార్లమెంటరీ కమిటీ), కింద కూర్మన్నపాలెంలో ఇల్లిల్లూ తిరిగి పెట్టించిన 43 సంతకాలు. "ఒరే, ఇది నిజమేనేటి, చదువు" అని ఫోన్ నా చేతిలో పెట్టాడు.

అది నాకూ మూడు గ్రూపుల్లో వచ్చిన మెసేజే. మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: విశాఖ ఉక్కును కాపాడే ఆఖరి అస్త్రం జేపీసీ, అది వేసిన రోజు నుంచే ప్లాంట్ అమ్మకం ఆగిపోతుంది, అందులో లోక్‌సభ నుంచి సగం, రాజ్యసభ నుంచి సగం ఉంటారు కాబట్టి ప్రభుత్వం మాట చెల్లదు, కమిటీ చెప్పింది ప్రభుత్వం చేసి తీరాలి, చేయకపోతే రెండు సభలూ ఒకచోట కూర్చుని ఓటేస్తాయి, 2020లో మన రాష్ట్ర శాసనమండలి కమిటీ వేసి మూడు రాజధానులను ఆపలేదా.

రాసినవాళ్ళ మనసు మంచిదే, ప్లాంట్ మీద ప్రేమతోనే రాశారు. కానీ ఇందులో ఒక్క మాట కూడా నిలబడదు. జనం కాళ్ళరిగేలా తిరిగి సంతకాలు పెట్టిస్తున్నప్పుడు ఆ శ్రమ సరైన గుమ్మం దగ్గరికి చేరాలి కదా, నా బాధంతా అదే.

ముందు "వేసిన రోజు నుంచే ఆగిపోతుంది" అన్న మాట చూద్దాం. ఒక బిల్లును సంయుక్త కమిటీకి పంపితే, రిపోర్టు వచ్చేదాకా ఆ బిల్లు సభలో మామూలుగా కదలదు, అంతవరకు నిజం. ఉక్కు అమ్మకం బిల్లు కాదు కదా. 2021 జనవరి 27న ఆర్థిక వ్యవహారాల కేబినెట్ కమిటీ, అంటే మంత్రుల కమిటీ, నూటికి నూరు శాతం వాటా అమ్మడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చిందీ కేబినెట్టే. అమ్మకం నిర్ణయానికీ ఆదుకునే నిర్ణయానికీ రెంటికీ పార్లమెంట్‌లో బిల్లు లేదు, అలాంటప్పుడు కమిటీ ఆపడానికి అక్కడ ఏముంది?

బిల్లు మీద కాకుండా ఏదైనా వ్యవహారం మీద విచారణకు వేసే జేపీసీలు వేరు, బోఫోర్స్ ఫిరంగుల కొనుగోలు మీద 1987లో, హర్షద్ మెహతా షేర్ల కుంభకోణం మీద 1992లో, 2జీ టెలికాం స్పెక్ట్రం కేటాయింపుల మీద 2011లో వేసినవి ఆ రకం. 2జీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే జేపీసీ అంటే జనానికి మొదట గుర్తొచ్చేది అదే. జేపీసీ కోసం ప్రతిపక్షం పట్టుబడితే 2010 శీతాకాల సమావేశాలు దాదాపు మొత్తం కొట్టుకుపోయాయి. మర్నాటి ఏడాది ఫిబ్రవరిలో ప్రభుత్వం ఒప్పుకున్నాక లోక్‌సభ నుంచి 20, రాజ్యసభ నుంచి 10 మందితో కమిటీ వేశారు. ఆ కమిటీ కూర్చుని వింటూ ఉండగానే 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 122 టెలికాం లైసెన్సులు రద్దు చేసేసింది. కమిటీ రిపోర్టు సభ ముందుకొచ్చింది 2013 చివర్లో, అదీ కమిటీలో 16 మంది అవునని, 11 మంది కాదని ఓటేశాక. ఆపింది కోర్టు, రాసింది కమిటీ. ఇంకో సంగతి, ఒక సభ తీర్మానం చేసి రెండో సభ సమ్మతించాలి, లేదా రెండు సభల అధ్యక్షులు మాట్లాడుకుని వేయాలి. లోక్‌సభలో మెజారిటీ ఎవరిదో వాళ్ళు ఒప్పుకోకుండా ఇది దాదాపు జరగదు. అంటే ఏ ప్రభుత్వాన్ని ఆపాలనుకుంటున్నామో ఆ ప్రభుత్వం ఒప్పుకుంటేనే జేపీసీ.

సగం సగం అన్నది అసలే లేదు. మన దగ్గర లెక్క సుమారుగా ఇద్దరికి ఒకరు. 2024 వక్ఫ్ సవరణ బిల్లు కమిటీలో లోక్‌సభ వాళ్ళు 21, రాజ్యసభ వాళ్ళు 10. జమిలి ఎన్నికల బిల్లు కమిటీలో 27, 12. లోపల పార్టీల వాటా కూడా సభలో బలాన్ని బట్టే వస్తుంది కాబట్టి సభలో ఎవరికి మెజారిటీ ఉంటే కమిటీలోనూ వాళ్ళకే ఉంటుంది. ఓటు కూడా సభల వారీగా వేయరు, మనిషికి ఒకటి. బహుశా ఈ సగం సగం మాట బయటి దేశాల నుంచి వచ్చి ఉంటుంది. ఫ్రాన్స్‌లో రెండు సభలకీ ఒక బిల్లు మీద పేచీ వస్తే ఏడుగురు, ఏడుగురు కూర్చుంటారు, జర్మనీలో 16, 16. అవి రెండు సభల మధ్య రాజీ కుదర్చడానికి పుట్టిన కమిటీలు. మన జేపీసీ పని అది కాదు.

"కమిటీ చెప్పింది చేసి తీరాలి" అన్నదానికి జవాబు ఒక్క బిల్లు చాలు. 2019 డిసెంబర్‌లో వ్యక్తిగత డేటా రక్షణ బిల్లు జేపీసీకి వెళ్ళింది. రెండేళ్ళు కూర్చుని 81 సవరణలు చెప్పారు. 2022 ఆగస్టులో ప్రభుత్వం బిల్లునే వెనక్కి తీసుకుని, మర్నాటి ఏడాది ఇంకో బిల్లు తెచ్చి పాస్ చేయించుకుంది. కమిటీ చెప్పేది సిఫార్సు, అంతే. సాక్షుల్ని పిలవొచ్చు, కాగితాలు తెప్పించొచ్చు, అయినా దేశ భద్రతకో ప్రయోజనానికో భంగం అంటే ప్రభుత్వం కాగితం ఇవ్వనని చెప్పే వీలు రూల్స్‌లోనే ఉంది. కమిటీ నిర్ణయం నచ్చని సభ్యులు అసమ్మతి నోట్ రాసి రిపోర్టుకు జత చేయిస్తారు.

అలాగని కమిటీలు దండగ అనను. 2003లో కూల్‌డ్రింకుల్లో పురుగుమందులున్నాయని గొడవ లేచినప్పుడు శరద్ పవార్ అధ్యక్షతన వేసిన జేపీసీ, ఆ పరీక్షలు చేసిన సంస్థ చెప్పింది నిజమేనని 2004లో తేల్చి, ప్రమాణాలు పెట్టమని రాసింది. అంత పెద్ద కంపెనీలు కాదు కాదంటున్న మాట పార్లమెంట్ కాగితం మీదికెక్కింది. కమిటీ బలం అక్కడుంది, అడిగి, రాబట్టి, రాసి పెట్టడంలో.

ఇక రెండు సభలూ ఒకచోట కూర్చోవడమంటే రాజ్యాంగం 108వ అధికరణ కింద జరిగే ఉమ్మడి సమావేశం, దానికీ జేపీసీకీ సంబంధం లేదు. ఒక బిల్లు మీద రెండు సభలూ తెగని పేచీలో పడితేనే అది. ఇప్పటిదాకా మూడేసార్లు జరిగింది, 1961లో వరకట్న నిషేధం, 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు, 2002లో ఉగ్రవాద నిరోధక చట్టం పోటా. కమిటీ మాట వినలేదని ఎప్పుడూ జరగలేదు, జరగదు కూడా.

మూడు రాజధానుల సంగతి విశాఖ వాళ్ళం మనమే తప్పుగా చెప్పుకుంటే ఎలా? పరిపాలనా రాజధాని అన్నది మన ఊరినే. 2020 జనవరి 22న మండలి చైర్మన్ షరీఫ్ గారు తన విచక్షణాధికారంతో ఆ బిల్లుల్ని సెలెక్ట్ కమిటీకి పంపుతున్నానన్నారు. అది మండలి సెలెక్ట్ కమిటీ, ఉమ్మడి కమిటీ కాదు. పైగా ఆ కమిటీ అసలు ఏర్పడనే లేదు, ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఐదు రోజులకే అసెంబ్లీ మండలి రద్దు తీర్మానం చేసింది. జూన్‌లో అవే బిల్లుల్ని రెండోసారి పాస్ చేసి మండలికి పంపితే అక్కడ చర్చకే రాకుండా సమావేశాలు ముగిశాయి. రాష్ట్రంలో ఉమ్మడి సమావేశం అన్నది లేదు, 197వ అధికరణ ప్రకారం రెండోసారి వచ్చిన బిల్లును మండలి నెలకు మించి పట్టి ఉంచలేదు. నెల గడిచింది, జూలై 31న గవర్నర్ సంతకం పడింది, బిల్లులు చట్టాలయ్యాయి. 2021 నవంబర్‌లో వాటిని వెనక్కి తీసుకున్నది ఆ ప్రభుత్వమే, ఏ కమిటీ చెబితేనో కాదు.

ఇదంతా విని మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. కాగితం మడతలు వేళ్ళతో సాపు చేస్తూ కూర్చున్నాడు. తర్వాత "మరి 43 మందికి ఏటి చెప్పమంటావు?" అన్నాడు.

చెప్పడానికి ఉంది. రెండు సభల వాళ్ళూ కలిసి కూర్చునే కమిటీ ఉక్కు మీద ఇప్పటికే ఉంది, ఎవర్నీ అడుక్కోనక్కర్లేదు. శాఖల వారీ స్టాండింగ్ కమిటీలు 1993 నుంచి ఉన్నాయి, బొగ్గు, గనులు, ఉక్కు చూసే కమిటీలో లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. ఏటా ఉక్కు శాఖ పద్దులు వీళ్ళ ముందుకు రావాలి. వీళ్ళు సిఫార్సు చేస్తే మూడు నెలల్లో ప్రభుత్వం ఏం చేసిందో, ఏం చేయలేదో, ఎందుకు చేయలేదో జవాబు రాయాలి, ఆ జవాబు మీద కమిటీ మళ్ళీ రిపోర్టు ఇస్తుంది. ఇదీ ఆపలేదు, రోజువారీ పరిపాలనలో వేలు కూడా పెట్టదు. కానీ విధానం గురించి అడిగితే శాఖ తప్పించుకోలేదు. "జేపీసీ వేయాలి" అన్న ఒక్క లైను వల్ల ఏమీ రాదు, ఫలానా ప్రశ్న అడగండి అని రాస్తే ఆ ప్రశ్న పుటల్లోకి ఎక్కే దారి ఉంది.

ఏం అడగాలో నేను చెప్పక్కర్లేకపోయింది. "సొంత గని" అన్నాడు వెంటనే. నిజమే, ఇంత పెద్ద ప్లాంటుకు సొంత ఇనుప ఖనిజం గని లేదు, ప్రభుత్వ గనుల కంపెనీ ఎన్‌ఎండీసీ దగ్గర కొనుక్కోవాలి. నష్టాల గురించి ప్లాంట్‌లో పనిచేసిన ఎవరిని కదిపినా ముందు వచ్చే మాట ఇదే. గనులూ ఉక్కూ ఒకే కమిటీ చూస్తుంది కాబట్టి అడగాల్సిన చోటు కూడా అదే.

ఇద్దరం కూర్చుని కొత్త కాగితం రాశాం. గని ఎందుకు ఇవ్వలేదు, ఇవ్వడానికి అడ్డేమిటి, ఇచ్చే ఆలోచన ఉందా, ఈ మూడూ ఉక్కు శాఖను అడగమని. ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో ఒకటి, ఒక కాపీ మన ఎంపీకి. పాత కాగితం మీది సంతకాలు దీనికి అంటించకూడదు, వాళ్ళు పెట్టింది వేరే మాటకి కదా, అందుకని సాయంత్రం ఎండ తగ్గాక మళ్ళీ ఆ 43 ఇళ్ళకీ బయల్దేరాం.