మందు లేని సూది, మానని పని

భీమవరం, పాలకొల్లు, అమలాపురం లాంటి ఊళ్ళలో ఫిజియోథెరపీ క్లినిక్‌కి వెళ్తే ఈమధ్య డ్రై నీడ్లింగ్ అనే మాట వినిపిస్తోంది. మెడ నొప్పి, నడుం నొప్పి, భుజం పట్టేయడం, దేనికైనా ఇన్ని సిట్టింగులని చెబుతున్నారు. మొదటిసారి విన్నవాళ్ళు అడిగేది ఒకటే: "మందెక్కించకుండా ఉత్త సూది గుచ్చితే ఏమొస్తుందండీ?" అనుమానం న్యాయమైనదే. ఏదో ఒకటి ఒంట్లోకి ఎక్కితేనే వైద్యం జరిగినట్టని నమ్మే ప్రాంతం మనది.

నేను ఈ చికిత్సను కొట్టిపారేయను. కొందరికి ఇది నిజంగానే పనిచేస్తుంది. కానీ ఇది ఇచ్చేది కొన్ని వారాల వెసులుబాటు మాత్రమే. ఆ వారాల్లో రోగి ఏం చేయాలో చెప్పకుండా, చేయించకుండా, సూదిని మాత్రం సిట్టింగుల లెక్కన అమ్మడం మీదే నా అభ్యంతరం.

ముందు అసలు సంగతి చూద్దాం. ఇందులో వాడేది ఆక్యుపంక్చర్ వాళ్ళు వాడే సన్నని స్టీలు సూదే. మందం పావు మిల్లీమీటరుకి కాస్త అటూ ఇటూ. రక్తం తీసే సూది దీనికి మూడింతలు లావుంటుంది. లోపల బోలు ఉండదు కాబట్టి మందు ఎక్కించాలన్నా కుదరదు. ఫిజియోథెరపిస్టు వేళ్ళతో కండరాన్ని తడుముతూ తీగలా బిగుసుకున్న భాగాన్ని, అందులో నొక్కగానే రోగి "అమ్మో" అనే చోటుని పట్టుకుంటారు. దాన్నే ట్రిగ్గర్ పాయింట్ అంటారు. సూది సరిగ్గా అక్కడ తగిలితే కండరం మన ప్రమేయం లేకుండా ఒక్కసారి చటుక్కున ఎగిరిపడుతుంది. ఆక్యుపంక్చర్‌లో శక్తి నాడుల లెక్క ఉంటుంది, ఇక్కడ కండరాలు, నరాల లెక్క. సూది ఒకటే, దాని వెనక ఉన్న ఆలోచన వేరు.

ట్రిగ్గర్ పాయింట్లతో చిక్కేమిటంటే, నొప్పి ఒకచోట ఉంటే మూలం ఇంకోచోట ఉంటుంది. మెడకీ భుజానికీ మధ్య ఉండే కండరంలో పట్టు ఉంటే నొప్పి కణతలో తెలుస్తుంది. పిరుదు లోపలి చిన్న కండరంలో ఉంటే కాలి పక్క నుంచి కిందిదాకా లాగుతుంది. అది చూసి చాలామంది "సయాటికా" అనుకుని స్కానింగ్‌కి పరిగెడతారు. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్ళు తల వంచుకుని గంటల తరబడి కూర్చుంటారు. కణతల్లో నొప్పి వస్తే మాత్ర వేసుకుంటారు. వాళ్ళలో కొందరి తలనొప్పికి మూలం భుజం మీద ఉండొచ్చని వాళ్ళకి చెప్పేవాళ్ళు తక్కువ.

ఇలా నొప్పి దూరంగా పాకుతుందని 1938లోనే లండన్‌లో జాన్ కెల్‌గ్రెన్ అనే వైద్యుడు చూపించాడు. కండరాల్లోకి ఉప్పునీళ్ళు ఎక్కించి, నొప్పి ఎక్కడెక్కడ తెలుస్తోందో గీసి పెట్టాడు. తరువాత అమెరికాలో జానెట్ ట్రావెల్ అనే డాక్టరమ్మ ట్రిగ్గర్ పాయింట్లను వెతికి, ఆ చోటు వరకే మత్తునిచ్చే మందు ఇంజెక్షన్లు ఇచ్చేది. నడుం నొప్పితో బాధపడే కెన్నెడీకి వైద్యం చేసి, 1961లో ఆయన అధ్యక్షుడయ్యాక వైట్‌హౌస్ వైద్యురాలైంది కూడా ఈమే. మందు లేకపోయినా సూది పనిచేస్తుందన్న మాట గట్టిగా చెప్పింది మాత్రం చెకొస్లొవేకియా డాక్టరు కారెల్ లెవిట్. 1979లో 241 మంది రోగుల మీద రాసిన పత్రంలో, సూది గుచ్చిన వెంటనే దాదాపు 87 శాతం సందర్భాల్లో నొప్పి తగ్గిందన్నాడు. ఉపశమనం మందు వల్ల కాదు, సూది సరైన చోట తగలడం వల్లనే అన్నది ఆయన వాదన.

ఆ 87 శాతం చూసి మురిసిపోనక్కర్లేదు. ఆయన అధ్యయనంలో పోల్చి చూడటానికి సూది పడని రోగులు లేరు. పైగా అది "వెంటనే" వచ్చిన ఫలితం. ఆ తరువాత నకిలీ సూదితో, అంటే గుచ్చినట్టు అనిపించేలా మాత్రం చేసే సూదితో పోలుస్తూ చాలా పరీక్షలు జరిగాయి. ఫిజియోథెరపిస్టులు చేసిన డ్రై నీడ్లింగ్ మీద 2017లో అమెరికాలో వచ్చిన ఒక సమీక్ష ఏం తేల్చిందంటే, 12 వారాల లోపు నొప్పి తగ్గడంలో ఇది నకిలీ సూది కంటే, ఏమీ చేయకపోవడం కంటే మెరుగు. కానీ ఆధారాల నాణ్యత చాలా తక్కువ నుంచి ఓ మోస్తరు దాకానే ఉంది. ఎక్కువ కాలం నిలుస్తుందనడానికి గట్టి రుజువు లేదు. ఇతర ఫిజియోథెరపీ చికిత్సలతో పోల్చినప్పుడు, రోగి తన పనులు చేసుకోగలగడంలో తేడా కూడా కనబడలేదు.

అసలు ట్రిగ్గర్ పాయింట్ అనేదాని మీదే వైద్యుల్లో తగువుంది. ఒకే రోగిని ఇద్దరు నిపుణులకి చూపిస్తే ఇద్దరూ ఒకే చోట వేలు పెడతారన్న నమ్మకం లేదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో జే షా బృందం ఆ బిందువుల దగ్గర నొప్పిని పెంచే రసాయనాలు ఎక్కువగా ఉన్నాయని చూపించింది. అవి కారణమా, ఫలితమా అన్నది తేలలేదు. ఇంకో సంగతి. నకిలీ సూది పడ్డవాళ్ళకి కూడా కొంత నొప్పి తగ్గుతుంది, ఎందుకంటే నమ్మకానికి బలం ఉంది. సూది మీద ఇంత భక్తి ఉన్న మన దగ్గర ఆ వాటా ఇంకా ఎక్కువేనేమో అని నాకో అనుమానం. అది తప్పని కాదు గానీ, ఫీజు తీసుకునేవాళ్ళు మాత్రం ఆ తేడా తెలిసి మాట్లాడాలి.

ఇక మన నొప్పుల సంగతి. కాటన్ ఆనకట్ట పుణ్యమా అని ఈ డెల్టాలో సార్వా, దాళ్వా రెండు పంటలు. అంటే ఏడాదికి రెండుసార్లు ఊడ్పులు. ఆకుమడిలో ఆకు తీసి, కట్టలు కట్టి, బురదలో నడుం వంచి వెనక్కి అడుగులేస్తూ నాటడం. ఎకరానికి ఇంతని గుత్తకు ఒప్పుకున్న జట్టు మధ్యలో నడుం ఎత్తి నిలబడితే పక్క వరస ముందుకెళ్ళిపోతుంది. కోనసీమలో కొబ్బరి దింపు వాళ్ళకి భుజాలు, అరికాళ్ళు పోతాయి. వలుపు వాళ్ళకి నేలలో పాతిన గునపం మీద కాయను గుచ్చి మెలితిప్పీ తిప్పీ ముంజేయి, మణికట్టు పోతాయి. రైస్ మిల్లులో 75 కిలోల ధాన్యం బస్తా మెడ మీద మోసే జట్టు కూలీల సంగతి చెప్పనక్కర్లేదు. రొయ్యల ప్లాంట్లలో చల్లటి హాల్లో నిలబడి తలలు తీసే అమ్మాయిలకి వేళ్ళు కొంకర్లుపోయి, మెడ బిగుసుకుపోతుంది. కడియం నర్సరీల్లో మట్టి నింపిన కుండీలు ఎత్తి లారీకెక్కించేవాళ్ళకి నడుం.

వీళ్ళలో ఎవరికి సూది గుచ్చినా, మర్నాడు మళ్ళీ అదే బురదలోకి, అదే గునపం దగ్గరికి వెళ్తారు. వ్యాయామంతో కండరాన్ని బలపరచడానికి, పనిలో ఒంటి వాలు మార్చుకోవడానికి వీలుగా నొప్పి కాస్త తగ్గించడం, అంతవరకే సూది పాత్ర. నొప్పి ఉన్నప్పుడు ఎవరూ వ్యాయామం చేయరు, కాబట్టి ఆ పాత్ర చిన్నదేం కాదు. కానీ రోగి వెళ్ళాక ఇంటి దగ్గర ఏం చేశాడని అడగకుండా మళ్ళీ సూదే గుచ్చే చోట ఆ వెసులుబాటు వారాలన్నీ వృథా.

గుచ్చిన చోట ఒకటి రెండు రోజులు సలుపు ఉండటం మామూలు. ఊడ్పులు ముమ్మరంగా ఉన్న వారంలో సూది పెట్టించుకుంటే ఆ సలుపుతోనే పనిలోకి దిగాలి, లేదా కూలి వదులుకోవాలి. సార్వా కోతలకీ దాళ్వా ఊడ్పులకీ మధ్య కాస్త ఊపిరి తీసుకునే రోజులు చూసి సిట్టింగ్ పెట్టుకోమని చెప్పే క్లినిక్ ఉంటే, వాళ్ళకి ఈ నేల తెలిసినట్టు లెక్క. ఉద్యోగస్తుల శని, ఆదివారాల్ని చూసి వేసిన టైంటేబుల్ కూలీలకి పనికిరాదు.

ఇంత విమర్శించినా, పోలిక దేనితో అన్నది చూడాలి. ఊళ్ళో ఒళ్ళు నొప్పులకి అసలు పోటీ ఫిజియోథెరపిస్టుతో కాదు, ఆర్‌ఎంపీ ఇచ్చే నొప్పి ఇంజెక్షన్‌తో. డైక్లోఫెనాక్, దానికి తోడు ఒక్కోసారి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. సాయంత్రం వేయించుకుంటే పొద్దున్నే పనిలో ఉండొచ్చు, ఖర్చు తక్కువ, అరువు కూడా దొరుకుతుంది. అందుకే జనం అక్కడికి వెళ్తారు, అమాయకత్వం వల్ల కాదు. కానీ ఎండలో చెమటోడ్చి నీళ్ళు తక్కువ తాగే ఒంటికి, బీపీ, షుగర్ ఉన్న ఒంటికి, నెలల తరబడి ఆ మందు పడితే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. కడుపులో పుండ్లు సరేసరి. దాంతో పోలిస్తే మందు లేని సూది చాలా నయం. కాకపోతే ధరలోనూ, దూరంలోనూ అది ఆర్‌ఎంపీతో పోటీ పడలేకపోతోంది. టౌన్‌కి వెళ్ళి రావడానికే ఒక పూట కూలి పోతుంది.

నయం అన్నంత మాత్రాన ప్రమాదం లేదని కాదు. ఐర్లాండ్‌లో 39 మంది ఫిజియోథెరపిస్టులు చేసిన 7,629 చికిత్సల్ని లెక్కగడితే దాదాపు 19 శాతంలో చిన్నచిన్న ఇబ్బందులు కనిపించాయి. కమిలిపోవడం, కొద్దిగా రక్తం రావడం, నొప్పి లాంటివి. పెద్ద ప్రమాదమేదీ ఆ లెక్కలో రాలేదు. అయితే వాళ్ళంతా ప్రత్యేకంగా శిక్షణ పొందినవాళ్ళని మరిచిపోకూడదు. భుజం పైన, రెండు రెక్కల మధ్య సూది లోతుగా వెళ్తే కింద ఉన్నది ఊపిరితిత్తి. దానికి చిల్లు పడటం అరుదే గానీ జరిగిన దాఖలాలు ఉన్నాయి. సూది పెట్టించుకున్న కొన్ని గంటల తరువాత ఆయాసం, గుండెల్లో పోటు వస్తే "గ్యాస్ పట్టింది" అని వాము నమిలి కూర్చోకుండా పెద్దాసుపత్రికి వెళ్ళాలి. మన దగ్గర గ్యాస్ మీద వేసే నేరాలు ఎక్కువ కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఈ ప్రాంతానికి ఇంకో జాగ్రత్త ఉంది. గోదావరి జిల్లాలు ఎప్పట్నుంచో ఫైలేరియా ఉన్న ప్రాంతాలు. బోదకాలు వాపు ఉన్న కాలికి, చేతికి సూది గుచ్చకూడదు, అక్కడ చిన్న గాయం కూడా చీము పట్టి జ్వరం తెప్పిస్తుంది. విదేశాల్లో నేర్పే కోర్సుల్లో వాపున్న అవయవం గురించి ఒక్క వాక్యం ఉంటుందేమో, ఇక్కడ అది మొదటి ప్రశ్న కావాలి. గుండెకి స్టెంట్ పడి రక్తం పలుచబడే మందులు వాడుతున్నవాళ్ళు, గర్భిణులు, షుగర్ అదుపులో లేనివాళ్ళు ముందే చెప్పాలి. సూది మన కళ్ళ ముందే కొత్త ప్యాకెట్ చించి తీయాలి. వాడాక 2016 జీవ వైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం సూది గుచ్చుకున్నా చిల్లు పడని గట్టి తెల్ల డబ్బాలో పడేయాలి. చెత్తబుట్టలో పడేస్తే ఆ క్లినిక్ నుంచి లేచి వచ్చేయొచ్చు.

ఎవరు చేయాలన్నది మనదేశంలో ఇంకా సర్దుకోని విషయం. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఫిజియోథెరపీని తన కిందికి తెచ్చుకుంది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి డిగ్రీ చేసిన మనిషికి శరీర నిర్మాణం తెలుసు. కానీ డ్రై నీడ్లింగ్ చాలామంది విడిగా, వారాంతపు వర్క్‌షాపుల్లో నేర్చుకుంటారు. అమెరికాలో కూడా ఇది తేలిన గొడవేం కాదు. కాలిఫోర్నియాలో ఫిజియోథెరపిస్టులు సూది గుచ్చడానికి వీల్లేదు, నార్త్ కరోలినాలో ఆక్యుపంక్చర్ వాళ్ళు కేసు వేస్తే 2018లో అక్కడి సుప్రీంకోర్టు ఫిజియోథెరపిస్టుల వైపు నిలిచింది. మన దగ్గర ఆ వివాదం కోర్టుదాకా వెళ్ళాల్సిన పని లేదు. ఎన్ని గంటల శిక్షణ, ఎవరి పర్యవేక్షణలో, ఏ కండరాల వరకు అన్నది ఆ చట్టం కింది కౌన్సిల్ ఒక కాగితం మీద రాసి, క్లినిక్ గోడకి అతికించమంటే చాలు.

బిల్లు విషయంలోనూ ఒక మార్పు రావాలి. పది సిట్టింగుల ప్యాకేజీ ముందే కట్టించుకునే పద్ధతి వద్దు. రెండు మూడు సిట్టింగుల్లో మెడ తిప్పడంలో, నడుం వంచడంలో తేడా కనబడకపోతే ఆపేసి, కారణం వేరేచోట వెతకాలి. తేడా కనబడితే ఆ రోజు నుంచే వ్యాయామం నేర్పి, వచ్చేవారం రోగి చేత చేయించి చూడాలి. ఊడ్పుల జట్టుకైతే అందరికీ కలిపి ఒకేసారి నేర్పొచ్చు, ఫీజు పంచుకుంటారు. రొయ్యల ప్లాంట్ల యజమానులు ఏడాదికోసారి ఫిజియోథెరపిస్టుని పిలిపించి, బల్లల ఎత్తు అమ్మాయిల మోచేతి మట్టానికి ఉందో లేదో చూపించుకుని, పనివాళ్ళని గంటకోసారి చోటు మారిస్తే అక్కడ సూది అవసరం చాలామందికి తగ్గుతుంది. ఆ సందర్శనకి డబ్బెవరు ఇవ్వాలన్నది ప్లాంట్లు, కార్మిక శాఖ కూర్చుని తేల్చుకోవాల్సిన లెక్క. ఇప్పటిదాకా అది నొప్పి పడుతున్న అమ్మాయి జీతంలోంచే పోతోంది.