మామూలు స్టేషన్ సంగతేంటి?

రిపోర్టర్ గారూ, హింసకు గురైన మహిళలు, పిల్లలకు సాయం చేసే భరోసా కేంద్రాల మీద మీ కథనం చదివాను. ఆ కేంద్రాల్లో పోలీసులు, కౌన్సెలర్లు, న్యాయ సలహాదారులు ఒకేచోట ఉండడంతో బాధితురాలు పడ్డ కష్టం పదిమందికి పదిసార్లు చెప్పుకునే బాధ తప్పిందని రాశారు. నిజమే. 2016లో హైదరాబాద్‌లో పెట్టిన మొదటి కేంద్రం మంచి ప్రయత్నం, కాదనను. కానీ మామూలు పోలీస్ స్టేషన్‌లో "సర్దుకుపోమ్మా, పిల్లలున్నారు కదా" అన్న మాటే ఇంకా ముందు వినిపిస్తుంది.

2005 గృహహింస చట్టం 5వ సెక్షన్ చూడండి. హింస ఆపమని కోర్టు ఇచ్చే రక్షణ ఉత్తర్వు అడగొచ్చని, అందుకు సాయపడే రక్షణ అధికారి ఉంటారని, లాయర్ సాయం ఉచితంగా దొరుకుతుందని ఫిర్యాదు తీసుకున్న పోలీసే ఆమెకు చెప్పాలి. కేసు పెడితే మొగుడు జైలుకెళ్తాడు, ఇల్లెలా గడుస్తుందన్న టెన్షన్‌తోనే చాలామంది వెనక్కి తగ్గుతారు. ఎవరినీ అరెస్టు చేయించకుండానే అదే ఇంట్లో ఉండే హక్కు, భరణం కోరవచ్చన్న సంగతి వాళ్లకు చెప్పేదెవరు? 60 రోజుల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని కూడా చట్టంలో ఉంది (కోర్టు చుట్టూ తిరిగేవాళ్లు నవ్వుకుంటారు, అది వేరే విషయం).

ఇక రక్షణ ఉత్తర్వు చేతికొచ్చాకే పోలీసులతో అసలు పని. దాన్ని మీరితే ఏడాది వరకు జైలు శిక్ష పడొచ్చు. ఆ కాపీ స్టేషన్‌లో ఏ ఫైల్లోనో పడి ఉంటే అతనికి భయమెందుకుంటుంది? రిపోర్టర్ గారూ, ఈసారి దాని గురించి రాయండి.