దోనోస్తియాకు ఒక్క సాయంత్రం చాలదు

కారులో స్పెయిన్ యాత్రకు బయలుదేరిన దంపతులు సాన్ సెబాస్టియన్‌లో ఒక్క రాత్రి ఆగిన అనుభవాన్ని శ్రద్ధగా చదివాను. ఉత్తర స్పెయిన్‌లోని బాస్క్ ప్రజలు దోనోస్తియా అని పిలుచుకునే ఆ ఊరిలో మేమిద్దరమూ మూడు రోజులు గడిపాము కాబట్టి, అక్కడి బార్లలో పుల్లకు గుచ్చో రొట్టెముక్కపైనో ఇచ్చే చిరుతిళ్లైన పించోలను వారు ‘చిన్న టపాస్’ (స్పెయిన్ బార్లలో దొరికే మామూలు చిరుతిళ్లు) అని ఒక్క మాటలో తేల్చేయడం నాకు బాధ కలిగించింది. పాత ఊరి సందుల్లో ఒక బార్‌లో ఒకటో రెండో నిలబడే తిని, పక్క బార్‌కు నడిచి వెళ్లడం అక్కడి పద్ధతి. ఒకేచోట కూర్చుని పళ్లెం నింపుకుంటే ఆ సాయంత్రం సగం చేజారినట్టే. ఆలివ్ కాయను, ఉప్పులో ఊరిన ఆంకోవీ చేపను, వెనిగర్‌లో నానిన సన్నని పచ్చిమిరపకాయలను ఒకే పుల్లకు గుచ్చిన ‘హిల్దా’తో మొదలుపెట్టమని నా సలహా. ఊరగాయలకు అలవాటుపడిన మన నాలుకకు ఆ పులుపూ ఉప్పూ వెంటనే దగ్గరవుతాయి, కారం మాత్రం స్వల్పమే.

తిన్నాక ఆగస్టు 31 వీధిలో తప్పక నడవాలి. 1813లో నెపోలియన్ సేనల నుంచి ఊరిని గెలుచుకున్న బ్రిటిష్, పోర్చుగీసు సైనికులు దానినే దోచుకున్నారు. అప్పుడు చెలరేగిన మంటల్లో ఊరంతా కాలిపోగా మిగిలిన కొద్ది ఇళ్లు ఈ వీధిలోనివే, ఆ తేదీనే దీనికి పేరయింది. సైడర్ కాలమైన జనవరి, ఏప్రిల్ మధ్య వెళ్లేవారు కారును ఊరిలోనే ఉంచి, టాక్సీలో దగ్గరలోని అస్తిగర్రాగా అనే ఊరికి చేరుకుని, పెద్ద పీపాల నుంచి నేరుగా గ్లాసులో పట్టుకునే, యాపిల్ రసాన్ని పులియబెట్టి చేసిన మద్యమైన సైడర్‌ను కాడ్ చేప ఆమ్లెట్‌తో కలిపి రుచి చూడాలి.