తెల్ల ఎనామిల్ డబ్బా గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ తెల్ల ఎనామిల్ డబ్బా గారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. తమరు గేటుకు రంగుగా వేయగా మిగిలి, మెట్ల కింద మూత బిగుసుకుపోయి క్షేమంగానే ఉన్నారని తలుస్తాము. పాత అంబాసిడర్ టైర్లు మాత్రం క్షేమంగా లేవు. అందుకు కారకులు తమరే.

పాత కారు కొన్నవాడికి మొదటి నెల ఇంజను మీద, రెండో నెల టైర్ల మీద మనసు పోతుంది. నల్ల టైరుకు తెల్ల అంచు ఉంటేగానీ పాతకాలపు దర్జా రాదంటాడు. అసలు సిసలు వైట్‌వాల్ టైర్ల ధర విన్నాక మెట్ల కిందికి వంగుతాడు. తెలుపు ఏదైతేనేం, తెలుపేగా అని అరంగుళం బ్రష్షుతో కానిచ్చేస్తాడు. శనివారం సాయంత్రం కారు పెళ్లికొడుకులా ఉంటుంది. మళ్లీ శనివారానికి ఆ టైరు వానకు తడిసి పెచ్చులూడిన సున్నం గోడ.

నిజానికి ఈ దర్జా పుట్టిందే పొదుపులోంచి. తొలినాళ్లలో రబ్బరులో జింక్ ఆక్సైడ్ కలిపేవారు, టైరు ఒళ్లంతా తెల్లగానే ఉండేది. మసి కలిపితే అరుగుదల తగ్గుతుందని తెలిశాక, ఆ మసి కాస్తా రోడ్డుకు తగిలే ట్రెడ్డుకే పెట్టి, పక్కలు తెల్లగా వదిలేశారు. అప్పట్లో పూర్తిగా నల్లగా ఉన్నదే గొప్పింటి టైరు! తర్వాత మోజు తిరగబడింది. 1934లో ఫోర్డ్ కంపెనీ తెల్ల అంచుకు 11.25 డాలర్లు అదనంగా పుచ్చుకుంది. కాబట్టి చవకలో తెలుపు కోరుకునేవాడిని మేము తప్పుపట్టం. మా గొడవంతా తమరితోనే.

తమరిది ఆరేకొద్దీ గట్టిపడే స్వభావం. కదలని గ్రిల్లుకు అది శోభే. టైరు పక్కభాగం అలా కాదు, నేలకు ఆనిన ప్రతిసారీ ఉబ్బి మళ్లీ సర్దుకుంటుంది. అంబాసిడర్‌కు వేసే 5.90-15 సైజు టైరు కిలోమీటరుకు 450 సార్లకు పైగా తిరుగుతుంది. హైదరాబాదు నుంచి బెజవాడ చేరేలోపు తమరు లక్షా ఇరవై వేల సార్లు వంగి లేవాలి. తమరికి ఒక్కసారి వంగడమే చేతకాదు. పైగా తమరిని పల్చన చేయడానికి పోసే టర్పెంటైను రబ్బరును ఉబ్బిస్తుంది. రబ్బరు పగలకుండా కంపెనీవాళ్లు కలిపిన మైనం, రసాయనాలు లోపలి నుంచి చెమటలా పైకి ఊరుతూ ఉంటాయి. అవి తగిలి తమరు ఒక్కోసారి రెండు రోజులైనా ఆరక జిగటగానే ఉంటారు, దారిలోని దుమ్మంతా తమ మీదే.

తమ దాయాది ఒకాయన ఉన్నారు, క్లోరినేటెడ్ రబ్బర్ పెయింటు గారు. పేరులో రబ్బరు చూసి జనం మోసపోతున్నారు. ఆయన ఈతకొలను గోడల మనిషి, ఆరాక ఆయనకీ సాగే గుణం తక్కువే. టైరుకు కావలసింది వైట్‌వాల్ కోసమనే అమ్మే రంగు, లేదా గాలి నింపే పడవలకు వేసే హైపలాన్ రకం సాగే రంగు. అనుమానం ఉంటే పంక్చర్ షాపులో పాత ట్యూబు ముక్క అడిగి తెచ్చి, దానిమీద పూసి, రెండు రోజులు ఆరనిచ్చి మడిచి సాగదీయాలి. గీత పడిందా, ఆ రంగు గేటుకే.

ఎంత కావాలో లెక్క చెబుతాం, వినండి. 15 అంగుళాల రిమ్ముకు ఆనుకుని రెండంగుళాల పట్టీ వేస్తే టైరుకు సుమారు 700 నుంచి 750 చదరపు సెంటీమీటర్లు. నాలుగు టైర్లూ కలిపి చదరపు మీటరులో మూడోవంతు కూడా లేదు. పల్చటి కోట్లు నాలుగు వేసినా, బ్రష్షు తాగింది పోను, పావు లీటరు సరిపోతుంది. లీటరు డబ్బా కొన్నవాడు మిగిలింది తమ పక్కనే మెట్ల కింద దాస్తాడు.

అసలు కష్టమంతా రంగుకు ముందే. టైరు పాలిష్‌లోని సిలికాన్ పోయేదాకా బట్టల సబ్బు నీళ్లతో గట్టి బ్రష్షు పెట్టి రెండుసార్లు తోమాలి. ఆరాక 120 నంబరు ఎమరీతో మెరుపు చచ్చేవరకు మాత్రమే రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. గుడ్డకు నలుపు అంటుకుంటూ ఉంటే ఇంకా తుడవాల్సిందే. ఆ తర్వాత చేయి తగలకూడదు, వేలి జిడ్డు చాలు అక్కడ రంగు లేవడానికి. టైరులో గాలి మామూలుగా నడిపేటంత ఉండాలి. గాలి తీసి రంగు వేసి మళ్లీ కొడితే రబ్బరు సాగి మొదటిరోజే గీతలు పడతాయి.

గుండ్రంగా రావడం ఎలాగంటారా? బ్రష్షును తిప్పకండి, చక్రాన్ని తిప్పండి. అంబాసిడర్‌కు ఇంజను బలం వెనక చక్రాలకు వెళ్తుంది గనుక ముందు చక్రం చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక చక్రాలకు చెక్కముక్కలు అడ్డం పెట్టి, ముందువైపు జాకీ మీద ఎత్తి, కింద స్టాండు పెట్టాలి. మోచేయి స్టూలు మీద ఆనించి బ్రష్షు కదలకుండా పట్టుకుంటే, రెండోవాళ్లు చక్రం మెల్లగా తిప్పుతారు. వెనక చక్రాలను కూడా విప్పి ఈ ముందు హబ్బుకే ఎక్కించి పని కానివ్వాలి. అంచుకు ఆరు మిల్లీమీటర్ల సన్న మాస్కింగ్ టేపు వాడాలి, వెడల్పుది వంపు తిరగదు, ముడతల కిందికి రంగు పాకుతుంది. చివరి కోటు తడిగా ఉండగానే టేపు లాగేయాలి. రెండు రోజులు కారు తీయొద్దు.

ఒక్క విషయంలో మాత్రం వేళాకోళం లేదు. పక్కన పగుళ్లు ఉన్న టైరుకు ఏ రంగూ వేయకూడదు. రంగు కింద పగులు పెరిగినా కనబడదు. తయారీ తేదీ అంకెలు నాలుగూ కప్పకుండా వదలాలి. 3219 అంటే 2019లో 32వ వారం అని ఎప్పుడైనా చదువుకోవాలిగా. గ్రైండరు పెట్టి గీకితే లోపల తెలుపు బయటపడుతుందనేవాళ్లూ ఉన్నారు. తెల్ల రబ్బరు పొర పోసి చేసిన టైరులోనే అది ఉంటుంది. మామూలు టైరును గీకితే బయటపడేది దారాలే.

రంగు గొడవే వద్దనుకుంటే తెల్ల రబ్బరు రింగులున్నాయి. టైరు అంచుకూ రిమ్ముకూ మధ్య దూర్చి గాలి కొడితే ఆ ఒత్తిడికే నిలుస్తాయి. పాత నైలాన్ టైర్ల మీద, నెమ్మది నడకలో బాగానే ఉంటాయి. ఈకాలపు రేడియల్ టైరు పక్కభాగం ఎక్కువ ఉబ్బుతుంది, అక్కడ రింగు వేగం పెరిగేకొద్దీ ఏనుగు చెవిలా ఆడుతుంది. మధ్యలో చేరిన ఇసుక టైరునే అరగదీస్తుంది. బిగించేముందు లోపలివైపు టాల్కం పౌడరు చల్లాలి, అప్పుడప్పుడూ విప్పి చూస్తుండాలి.

తమరు మళ్లీ గేటు తుప్పుపట్టేదాకా అక్కడే ఉండవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
టైర్ల పక్షం వారు

తా.క.: సరైన రంగు వేసినా కొన్ని నెలలకు ఆ చెమట ఊరి గోధుమరంగు తిరుగుతుంది. అప్పుడు తమ పక్కింటి బ్లీచింగ్ నీళ్లను పిలిచే అలవాటుంది కొందరికి. దానివల్ల రబ్బరు ఎండి ఇంకా మాడుతుంది. సబ్బు, మెత్తటి పీచు, తర్వాత ఒక పల్చటి కోటు. ఆయనకు కూడా ఈ ముక్క చెప్పగలరు.