కయోటీలను చంపించమని అడిగే ముందు మన పెరడు చూసుకోవాలి

షికాగో శివారుల్లోని మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో చలికాలం రాగానే డోర్‌బెల్ కెమెరాకు చిక్కిన కయోటీ (తోడేలుకు దగ్గరి బంధువైన, దానికన్నా చిన్నదైన అడవి జంతువు) వీడియో ఒకటి తిరగడం, దాని కింద ‘వీటిని పట్టించి చంపించాలి’ అన్న డిమాండ్ మొదలవడం మామూలైపోయింది. పసిపిల్లలూ చిన్న కుక్కలూ ఉన్న ఇళ్లవారి భయాన్ని నేను తేలిక చేయడం లేదు. కానీ ఆ డిమాండ్ తప్పు. దానివల్ల ఆ పిల్లలకు గానీ కుక్కలకు గానీ ఒరిగేదేమీ లేదు.

ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన స్టాన్లీ గెర్ట్ బృందం 2000 నుంచి షికాగో ఉన్న కుక్ కౌంటీలో కయోటీలకు రేడియో కాలర్లు కట్టి వాటి తిరుగుడును, తిండిని గమనిస్తోంది. ఆ బృందం 1,400కు పైగా మల నమూనాలను పరీక్షించగా 42 శాతంలో ఎలుకల జాతి ప్రాణుల ఆనవాళ్లు కనిపించాయి. పిల్లి ఆనవాళ్లున్నవి ఒక శాతం పైచిలుకు మాత్రమే. ఉత్తర అమెరికా మొత్తంలో కయోటీల దాడిలో మనుషులు చనిపోయినట్టు నమోదైన ఘటనలు రెండే: 1981లో కాలిఫోర్నియాలో ఒక చిన్నారి, 2009లో కెనడాలో ఒక యువతి.

కయోటీలు జంటగా ఒక హద్దు గీసుకుని బతుకుతాయి. ఆ జంటను చంపితే, చోటు దొరక్క తిరుగుతున్న మరొకటి వచ్చి అక్కడ చేరుతుంది. ఇప్పుడున్నవి మనిషి అలికిడికి తప్పుకునేవైతే, వాటిని పోగొట్టుకుని ఎలాంటిదో తెలియని దాన్ని తెచ్చుకోవడం ఏం తెలివి?

అసలు చూడవలసింది మన పెరడు. పక్షుల కోసం వేలాడదీసిన గింజల డబ్బా కింద రాలిన గింజలకు ఎలుకలూ కుందేళ్లూ చేరతాయి, వాటి కోసం కయోటీ వస్తుంది. అలాంటి ఇళ్లలో కంచె పలకల అడుగున మట్టి గీకి, గడ్డి అణిగిపోయి దారి పడి ఉండటం చూశాను. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు మిగిలిన అన్నం పారేయడం మనసొప్పక డెక్ మెట్ల దగ్గర పెడతారు. ‘అత్తయ్యగారూ, ఇక్కడ అలా పెట్టకూడదండీ’ అని చెప్పడానికి మొహమాటపడి ఊరుకుంటున్నాం. తిండి దొరికిన చోట కయోటీకి మనిషంటే బెరుకు పోతుంది, ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

చిన్న కుక్కను చీకటి పడ్డాక పెరట్లో ఒంటరిగా వదలకూడదు, నడకకు సాగే పట్టీ కాకుండా పొట్టి పట్టీ వాడాలి. ఏప్రిల్, మే నెలల్లో కయోటీ పిల్లలు పుడతాయి కనుక ఆ తర్వాత కొంతకాలం పెద్ద కుక్కలనైనా వాటి గుహల వైపు తీసుకెళ్లకపోవడం మంచిది. కయోటీ ఎదురైతే పరుగెత్తకుండా, చిన్న కుక్కను ఎత్తుకుని, చేతులు పైకెత్తి గట్టిగా అరుస్తూ మెల్లగా వెనక్కి తగ్గాలి.

అదిలించినా కదలకుండా మనుషుల మీదికి వచ్చే కయోటీ సంగతి వేరు. దాని గురించి ఊరి అధికారులకు వెంటనే చెప్పాలి, అవసరమైతే దాన్ని తొలగించడాన్ని నేనూ సమర్థిస్తాను. మిగతా వాటి విషయంలో మన కాలనీ సంఘాలు వేటగాడికి కట్టాలనుకుంటున్న డబ్బును బిగుతు మూతలున్న చెత్త డబ్బాలకు ఖర్చు చేయాలని నా విన్నపం.