ముంజు ముదిరితే గట్టి, కన్ను ముదిరితే నీరు

‘కంటి లోపలి జెల్లీ కొంత పోయినా మళ్లీ ఊరుతుంది’ అని కళ్ల గురించిన ఒక వ్యాసంలో రాశారు. అక్కడే పొరపాటు. ఊరేది కంటి ముందుభాగంలోని పల్చటి ద్రవం. కటకం వెనకుండే జెల్లీ, అంటే విట్రియస్, మళ్లీ తయారవదు, ఆపరేషన్‌లో తీసేస్తే ఆ చోటికి చివరికి చేరేది ఆ పల్చటి ద్రవమే.

ఈ జెల్లీ మొత్తం సుమారు 4 మిల్లీలీటర్లు, టీ చెంచాడు కూడా కాదు. 98 శాతం పైగా నీరే! మిగతా కాస్త కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు, నీటిని పట్టి ఉంచే హైలురోనిక్ ఆమ్లం కలిసి దాన్ని లేత ముంజులా నిలబెడతాయి. రక్తనాళాలు లేవు, అందుకే అంత తేట. కాకపోతే ముంజు ముదిరితే గట్టిపడుతుంది, ఇది ముదిరితే నీరవుతుంది.

మాది నరసన్నపేట. పోయిన వేసవిలో మా అమ్మ బియ్యం చెరుగుతూ ‘ఈ దోమేటిరా, ఎంత తోలినా పోదు’ అని ఒకటే చెయ్యి విసరడం. దోమ లేదు. శ్రీకాకుళంలో చుక్కలు వేసి చూశారు. నీరైన జెల్లీ కంటి వెనక గోడకుండే రెటీనా పొర నుంచి ఊడొచ్చిందట, దృష్టినాడి చుట్టూ అతుక్కున్న చోటు ఉంగరంలా తేలుతూ నీడ వేస్తోందట. రెటీనా చిరగలేదు కాబట్టి మందు అక్కర్లేదన్నారు. మెరుపులొచ్చినా, నల్లచుక్కలు ఒక్కసారిగా కురిసినా, పక్కనుంచి తెర దిగినా మాత్రం ఆ రోజే రమ్మన్నారు.

అమ్మ ఇప్పటికీ ఆ దోమను తోలుతూనే ఉంది.