గ్రీసు గెలుపు, మా ఫ్రిజ్ తలుపు

2004లో గ్రీసుకి యూరో కప్పు వచ్చింది నా వల్ల. లోకం ఆ పేరంతా జర్మన్ కోచ్ ఒట్టో రెహాగెల్‌కి కట్టబెట్టేసింది. గ్రీకు పురాణ వీరుడు హెరాక్లెస్‌లో సగం, ఆయన పేరులో సగం కలిపి 'రెహాక్లెస్' అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. పెట్టుకోనివ్వండి. ఫైనల్లో గోల్ పడ్డ క్షణాన ఫ్రిజ్ తలుపు తీసింది మాత్రం నేనే. సాక్ష్యం కావాలంటే మెల్‌బోర్న్‌లో ఓక్లీ దగ్గర ఒక పెద్దాయన ఉన్నాడు, అడగండి. అడక్కపోయినా చెప్తాడు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో తెనాలి నుంచి చదువు కోసం మెల్‌బోర్న్‌లో దిగాను. అద్దె తక్కువని ఒక గ్రీకు దంపతుల ఇంట్లో వెనక గది తీసుకున్నాను. గ్రీసు బయట గ్రీకులు కిటకిటలాడే ఊళ్ళలో మెల్‌బోర్న్ ఒకటని అప్పటికి నాకు తెలీదు. పెద్దాయన 1960లలో కలమాటా నుంచి 'పాట్రిస్' అనే ఓడెక్కి వచ్చినవాడు. నెల తిరక్కుండానే ఆయన నాకు 'థీయే' అయ్యాడు, ఆవిడ 'థియా' అయ్యింది. మన బాబాయి, పిన్ని లాంటి పిలుపులన్నమాట. నన్ను 'పెథీ ము' అనేవాళ్ళు, అంటే నా బిడ్డా అని. బిడ్డకి అద్దెలో పైసా తగ్గించలేదు, అది వేరే సంగతి.

ఫుట్‌బాల్‌తో నాకు బొత్తిగా సంబంధం లేదు. ఆఫ్‌సైడ్ అంటే గంగూలీ కొట్టే వైపు అనే నా ఉద్దేశం.

థీయేకి మాత్రం ఫుట్‌బాల్ అంటే రాని బాకీల పద్దు. 1971లో ఏథెన్స్ క్లబ్బు పానథినైకోస్ యూరోపియన్ కప్పు ఫైనల్‌దాకా వెళ్ళి, లండన్ వెంబ్లీ స్టేడియంలో డచ్ క్లబ్బు అయాక్స్ చేతిలో 2-0తో ఓడింది. అప్పుడు ఆ జట్టు కోచ్ హంగేరీ మహానుభావుడు పుష్కాష్. అదే పుష్కాష్ చాలా ఏళ్ళ తర్వాత మెల్‌బోర్న్ వచ్చి, గ్రీకులు పెంచుకున్న సౌత్ మెల్‌బోర్న్ జట్టుకి కోచ్ అయ్యాడు. ఇంగ్లిషు అంతంతమాత్రం, ఏథెన్స్‌లో పట్టుబడిన గ్రీకుతోనే నెట్టుకొచ్చేవాడు. ఆ గ్రీకుని మిగతావాళ్ళకి విడమర్చి చెప్పింది కెప్టెన్ ఏంజ్ పోస్టెకోగ్లూ. 1991లో లీగ్ కూడా గెలిచారు. ఈ కథ చెప్పేటప్పుడు పుష్కాష్ పొట్ట ఎంతుండేదో థీయే రెండు చేతులతో చూపిస్తాడు.

1994 ప్రపంచ కప్పు కథ మాత్రం ఆయన చెప్పడు. ఆయన ఇంట్లో లేనప్పుడు థియా చెప్తుంది. గ్రీసు మూడు మ్యాచ్‌లు ఆడింది, ఒక్క గోల్ కొట్టలేదు, పది గోల్స్ తింది. ఈయన పది గోళ్ళూ తిన్నాడు.

అలాంటి గ్రీసు పదేళ్ళకి యూరో ఫైనల్లో పోర్చుగల్ ముందు నిలబడింది. లిస్బన్‌లో ఆదివారం రాత్రి అంటే మాకు సోమవారం తెల్లవారుజామున 4.45. జూలై 5, నడి చలికాలం. పెట్రోల్ బంకులో రాత్రి డ్యూటీ దిగి ఆరింటికి ఇల్లు చేరేసరికి, హాల్లో ఇరవైమంది నీలం తెలుపు జెండాలు కప్పుకుని ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. నన్నెవరూ చూళ్ళేదు. నాకా ఆకలి మండిపోతోంది. రాత్రి అన్నం మిగిలి ఉంది, ఆవకాయ సీసా ఉంది, పెరుగొక్కటే తక్కువ. గ్రీకుల ఇంట్లో ఉండే సుఖమే అది. పెరుగులో గరిటె గుచ్చితే నిలబడుతుంది. హాలుకీ వంటింటికీ మధ్య గోడ లేదు. పిల్లిలా నడిచి వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీశాను. పెరుగు డబ్బా మీద చెయ్యి పడిందో లేదో, వెనకాల ఇల్లు కూలిన చప్పుడు.

57వ నిమిషం, బసినాస్ కార్నర్, ఖారిస్టెయాస్ తల. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పటికి తెలిసిందల్లా, ఎవరో ముసలావిడ నా వీపు కరుచుకుని భోరుమంటోందని. ఎందుకైనా మంచిదని నేనూ రెండు ముక్కలు ఏదో అరిచి, పెరుగు తీసుకుని తలుపు వెయ్యబోయాను.

"ముట్టుకోకు!"

థీయే సోఫా మీద నిలబడి వేలు చూపిస్తున్నాడు. ఇరవైమందీ ఇటు తిరిగారు.

"తలుపు తీశాడు, గోల్ పడింది. వేస్తే ఏమవుతుందో ఎవరికి తెలుసు? అలాగే పట్టుకో, పెథీ ము."

అలా దాదాపు నలభై నిమిషాలు పట్టుకున్నాను. ఫ్రిజ్‌లోంచి వచ్చే చల్లగాలీ కిటికీ సందులోంచి వచ్చే చల్లగాలీ నా మోకాళ్ళ దగ్గర కలుసుకుని యోగక్షేమాలు మాట్లాడుకున్నాయి. థియాకి జాలేసి అన్నం గిన్నె తెచ్చిచ్చింది. గిన్నె ఫ్రిజ్ అరలోనే పెట్టుకుని, ఎడం చేత్తో తలుపు పట్టుకుని, కుడిచేత్తో పెరుగన్నం కలుపుకు తిన్నాను. పోర్చుగల్ వాళ్ళు బంతి ఇటు తెచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు వెనక్కి తిరిగి, టీవీ వైపు కాదు, నా మోచేయి వైపు చూసేవాళ్ళు. 1-0. గ్రీసు గెలిచింది. ఓక్లీ వీధుల్లో కార్ల హారన్లు మోగుతుంటే నన్నూ కారులో కుక్కి తిప్పారు. ఫ్రిజ్‌లో పాలు విరిగిపోయాయి. థియా వాటిని పారబొయ్యడానికి కూడా ఒప్పుకోలేదు, ఆ రోజుకి.

ఇదంతా పిచ్చి అందామంటే నాకు నోరు రాలేదు. 1998లో షార్జాలో టెండూల్కర్ ఆడుతుంటే మా నాన్న మా పెదనాన్నని బాత్రూమ్‌కి వెళ్ళనివ్వలేదు. పైగా ఈ గ్రీకులకి దిష్టి భయం మనకన్నా ఒక ఆకు ఎక్కువే. పిల్లాడు ముద్దొస్తే చాలు, 'ఫ్తూ, ఫ్తూ, ఫ్తూ' అని మూడుసార్లు ఉమ్మినట్టు చేస్తారు. దిష్టి తగిలిందనుకుంటే నీళ్ళలో నూనె చుక్కలు వేసి చూస్తారు. మా అమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పేస్తుంది. అంతే తేడా.

ఆ ఇల్లు వదిలాను, పెళ్ళయింది, నగరానికి ఆ చివర టార్నీట్‌లో ఇల్లు కొన్నాను. ఈ ఫ్రిజ్ ఉద్యోగం మాత్రం వదల్లేదు. ముఖ్యమైన మ్యాచ్ అంటే ఏ చీకట్లోనైనా ఫోన్ వస్తుంది. 2014 ప్రపంచ కప్పులో ఐవరీ కోస్ట్ మీద ఆఖరి క్షణాల్లో సమరాస్ పెనాల్టీ కొట్టి జట్టుని తర్వాతి రౌండ్‌కి చేర్చాడు చూడండి, అప్పుడు మెల్‌బోర్న్‌లో కూరగాయల అర ముందు గొంతుక్కూర్చున్నది ఎవరనుకున్నారు?

అదే ఏడాది నవంబరులో పెళ్ళికని తెనాలి వెళ్ళాను. అక్కడికీ ఫోన్. "ఫారో దీవులతో మ్యాచ్. మన పైరియస్‌లోనే. భయమేం లేదు, అయినా ఒకసారి తీసి పెట్టు." ఫారో దీవుల జనాభా అంతా కలిపినా మా తెనాలిలో మూడోవంతు ఉండరు. రాత్రి ఒంటిగంట దాటాక లేచి, వరండాలో పడుకున్న చుట్టాలని దాటుకుంటూ వెళ్ళి ఫ్రిజ్ తీశాను. కరెంటు లేదు. లోపల లైటు వెలగలేదు. గ్రీసు 1-0తో ఓడిపోయింది. మర్నాడే కోచ్ రానియెరీ ఉద్యోగం ఊడింది. నాది ఊడలేదు, అదీ నా బాధ. లైటు సంగతి నోరుజారి చెప్పినందుకు ఇప్పటికీ ప్రతి మ్యాచ్‌కీ మొదటి ప్రశ్న, "లైటు వెలుగుతోందా?"

ఇక అసలు గొడవకి వస్తాను. 2024 అక్టోబరు 11, శుక్రవారం. ఇంగ్లండ్‌తో వెంబ్లీలో మ్యాచ్, మాకు పొద్దున 5.45కి మొదలు. గ్రీసు అప్పటిదాకా ఇంగ్లండ్‌ని ఒక్కసారీ ఓడించలేదు. వెంబ్లీ అనగానే థీయేకి 1971 గుర్తొచ్చి రాత్రంతా నిద్రపోలేదట. మర్నాడు మాకు దసరా. హాల్లో బొమ్మల కొలువు. ఫ్రిజ్‌లో సందు లేదు: పూలు, పులిహోర పులుసు, పూర్ణం ఉండలు, పై అరలో గారెలకి రుబ్బిన మినప్పిండి పెద్ద స్టీలు గిన్నెలో. "ఆ గిన్నె జోలికి వెళ్ళారో..." అని మా ఆవిడ రాత్రే చెప్పింది. వాక్యం పూర్తి చెయ్యలేదు. మా ఇంట్లో అలాంటి వాక్యాలు పూర్తి చెయ్యక్కర్లేదు.

వీడియో కాల్‌లో థీయే, ఆయన వెనక టీవీ. ఫోన్‌ని ఉప్పు డబ్బాకి ఆనించి నేను నా స్థానంలో నిలబడ్డాను. రెండో సగం మొదట్లో పావ్లిడిస్ గోల్ కొట్టాడు. కొట్టి గంతులెయ్యలేదు. ఆటగాళ్ళందరూ కలిసి ఒక జెర్సీ పైకెత్తి పట్టుకున్నారు. జార్జ్ బాల్డాక్‌ది. ఇంగ్లండ్‌లో పుట్టి, గ్రీకు నాయనమ్మో అమ్మమ్మో పుణ్యాన గ్రీసుకి ఆడిన కుర్రాడు. 31 ఏళ్ళు, ముందురోజే ఏథెన్స్‌లో చనిపోయాడు. థీయే ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. అప్పుడు, ఆ నిశ్శబ్దంలో, మా ఫ్రిజ్ కూసింది.

కొత్తరకం ఫ్రిజ్‌లతో ఇదీ తంటా. తలుపు కాసేపు తీసి ఉంచితే కుయ్ కుయ్‌మంటాయి. 2004 నాటి ఫ్రిజ్‌కి ఈ నాలుక లేదు.

తలుపు కాస్త వేశాను. మళ్ళీ తీశాను. ఆ రోజు గ్రీసువి మూడు గోల్స్ ఆఫ్‌సైడ్ అని, అంటే బంతి అందేలోపే అవతలి జట్టుని దాటి ముందుకెళ్ళిపోయారని, రద్దు చేశారు. థీయే దీనికి కూడా కారణం కనిపెట్టాడు. "నువ్వు మరీ బార్లా తీస్తున్నావు. అందుకే వాళ్ళు ముందుకెళ్ళిపోతున్నారు. సగం తియ్యి." ఇరవయ్యేళ్ళలో ఆఫ్‌సైడ్ నాకు అర్థమయింది ఆ ఒక్క పొద్దునే.

సగం తీసినా అది కూస్తూనే ఉంది. అవతల గదిలో మా అమ్మాయికి జడ వేస్తున్న మా ఆవిడ, "ఏంటండీ ఆ చప్పుడు?" అంది. "నాన్నా, ఫ్రిజ్ ఏడుస్తోంది" అంది మా అమ్మాయి. భయమేసి తలుపు మూసేశాను. మూశానో లేదో 87వ నిమిషం, బెల్లింగమ్ గోల్. 1-1.

"మూశావా?" అన్నాడు థీయే. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఫ్రిజ్ కూస్తోంది, థీయే."

"యాభై మూడేళ్ళు," అన్నాడాయన. "యాభై మూడేళ్ళుగా వెంబ్లీ కోసం చూస్తున్నాను. నీకు ఫ్రిజ్ కూసిందా?"

గాజుకళ్ళతో అడిగాడు. నాలో ఏం పూనిందో, ఇప్పుడు తల్చుకున్నా తెలీదు. అదనపు సమయం నాలుగో నిమిషంలో రెండు చేతులతో ఆ తలుపు ఒక్క గుంజు గుంజాను. పావ్లిడిస్ రెండో గోల్ అటు వలలోకి, మినప్పిండి గిన్నె ఇటు నా మీదకి, రెండూ ఒకేసారి వచ్చాయి. గిన్నె నా పాదం మీద పడి, దొర్లుకుంటూ హాల్లోకి వెళ్ళి, సరిగ్గా కొలువు మెట్ల ముందు గిర్రున తిరిగి బోర్లా పడింది. ఫోన్‌లోంచి అరుపులు. ఫ్రిజ్ కూత. నా పాదం కనపడటం లేదు, మోకాలిదాకా పిండి. మా ఆవిడ చేతిలో దువ్వెనతో గుమ్మంలో నిలబడి ఉంది. నేను చేసిన పెద్ద తప్పు ఏంటంటే, నవ్వాను.

"గెలిచాం" అన్నాను.

"ఎవరం?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్ను నేనెప్పుడూ వేసుకోలేదు.

ఫోన్‌లోంచి థియా గొంతు, ఏం పడిందని. మా ఆవిడే ఫోన్ అందుకుంది. పండగ పిండి అనీ, రేపు అమ్మవారికి నైవేద్యం అనీ, గుండ్రంగా చేసి నూనెలో వేయించేవనీ ఇంగ్లిషులో చెప్పింది. "ఓ, లుకుమాదెస్!" అంది థియా. కాదని చెప్పేలోపు ఫోన్ పెట్టేసింది.

మర్నాడు పదకొండింటికి ఓక్లీ నుంచి ఇంతదూరం కారు వేసుకుని ఇద్దరూ దిగారు. పెద్ద బేసిన్ నిండా లుకుమాదెస్, పైన తేనె, దాల్చినచెక్క పొడి. చూడ్డానికి అచ్చం మన బొండాల్లా ఉన్నాయి. మా ఆవిడ నన్ను వంటింట్లోకి లాగి, "గుడ్డు వేశారేమో అడగండి" అంది. అడిగాను. వెయ్యలేదు. పిండి, ఈస్ట్, నీళ్ళు, అంతే. ఆ ఏడాది మా అమ్మవారు గారెల బదులు అవే ఆరగించింది. థియా కొలువుని పై మెట్టు నుంచి కింది మెట్టుదాకా చూసి, ముచ్చటపడి, మూడుసార్లు 'ఫ్తూ' అని, తన గొలుసుకున్న నీలం కన్ను పూసని తీసి దుర్గమ్మ బొమ్మ మెళ్ళో వేసింది. అది ఇంకా అక్కడే ఉంది. థీయే మాత్రం ఎవరూ చూడకుండా మా ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి తలుపు మీద రెండుసార్లు చేత్తో తట్టాడు, గుర్రాన్ని తట్టినట్టు.

ఆ తర్వాత మా ఇంట్లో రూలు పడింది. మ్యాచ్ ఉన్న రోజు నేను వంటింటి గడప దాటకూడదు. అందుకని 2025 అక్టోబరులో ప్రపంచ కప్పు అర్హత మ్యాచ్, స్కాట్లాండ్‌తో గ్లాస్గోలో ఆడిన రోజు, ఫోన్ సైలెంట్‌లో పెట్టి హాయిగా పడుకున్నాను. లేచేసరికి పదిహేడు మిస్డ్ కాల్స్. 62వ నిమిషంలో త్సిమికాస్ గోల్, రెండే నిమిషాల్లో సమం, చివరికి 3-1తో ఓటమి.

"64వ నిమిషంలో ఎక్కడున్నావు?" అన్నాడు థీయే.

"ఫ్రిజ్ దగ్గరే, థీయే. ఫోన్ సైలెంట్‌లో ఉండిపోయింది."

"తలుపు?"

"తీసే ఉంది."

"లైటు?"

"వెలుగుతోంది."

చాలాసేపు ఏమీ అనలేదు. నిట్టూర్పు వినపడింది. "అయితే ఆ ఫ్రిజ్ పనైపోయింది, పెథీ ము. సోమవారం తెల్లారితే డెన్మార్క్‌తో మ్యాచ్. ఆదివారం రెడీగా ఉండు."

ఆదివారం నన్ను షాపుకి లాక్కెళ్ళాడు. వరసలో నిలబెట్టిన ఫ్రిజ్‌ల తలుపులు ఒక్కొక్కటే తీసి, కళ్ళు మూసుకుని, ఏదో వింటున్నట్టు నిలబడుతున్నాడు. సేల్స్ కుర్రాడు కాసేపు చూసి మర్యాదగా దగ్గరికొచ్చాడు. ఎన్ని లీటర్లది కావాలి సార్ అని అడిగాడు.

"లీటర్లు తర్వాత," అన్నాడు థీయే. "తీసి ఉంచితే ఎంతసేపటికి కూస్తుంది?"